ఆవకాయ వెళ్ళింది, నోటుబుక్కులు ఉండిపోయాయి

అమ్మాయి అమెరికా ప్రయాణం అనగానే మా ఇంట్లో పదిహేను రోజుల ముందే త్రాసు దిగింది. పెట్టెకి 23 కిలోలు, మనిషికి రెండు పెట్టెలు. అల్లుడు ఆరు నెలల ముందే వెళ్ళాడు కనుక ఇక వెళ్ళాల్సింది అమ్మాయీ, మనవడూ. అంటే నాలుగు పెట్టెలు. ఆవకాయ మూడు కిలోలు, గోంగూర రెండు, కందిపొడి, నల్లకారం, గింజలు తీసిన చింతపండు, కుక్కరు గాస్కెట్లు అరడజను. మావారు హాల్లో కూర్చుని ప్రతి పెట్టెనీ ఎత్తి తూచడం, అరకిలో ఎక్కువైందని నేను సర్దిందంతా మళ్ళీ విప్పించడం.

ఆరు గాస్కెట్లకి చోటు దొరికింది గానీ ఒక ఆకుపచ్చ ఫైలుకీ, నాలుగు తెలుగు నోటుబుక్కులకీ దొరకలేదు. దొరకలేదని ఎందుకు అంటాను, నేనే తీసి బీరువా పైన పెట్టాను. "కొత్త దేశం, కొత్త స్కూలు. అక్కడ వీడి సంగతి ఎవరికీ తెలీదు. మనమే ఎందుకు చెప్పుకోవాలే?" అన్నాను. అమ్మాయి ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి "సరేలే అమ్మా" అంది. 2023 జులై మాట ఇది.

ఇంతకీ ఆ ఫైల్లో ఏముందో చెప్పాలి కదా. మా చంటిగాడు మాటల పుట్ట. నాలుగేళ్ళకే రామాయణం కథ మొత్తం, ఎక్కడా తడుముకోకుండా, వాలి సుగ్రీవుల యుద్ధం దగ్గర అభినయంతో సహా చెప్పేవాడు. కానీ పుస్తకం తెరిస్తే చాలు, ముఖం వాడిపోయేది. రెండో తరగతికొచ్చినా ప, వ, మ తేడా తెలిసేది కాదు. వత్తులు మింగేసేవాడు. పుస్తకం రాయమంటే "పుతకం", వెన్నెల రాయమంటే "వెనెల". ఒకే పేజీలో ఒకే మాటని మూడు రకాలుగా రాసేవాడు. ఇంగ్లీషు సరే, పరాయి భాష అనుకుందాం. తెలుగు మన భాషే కదండీ! రోజూ సాయంత్రం పప్పు పొయ్యిమీద పడేసి పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దించింది నేనే. నెత్తిమీద మొట్టికాయలు వేసిందీ నేనే, దాచుకోవడం ఎందుకు.

మా కాలనీ స్కూలు వాళ్ళు ప్రతి పేరెంట్స్ మీటింగులోనూ "తెలివుంది, శ్రద్ధ లేదు" అనేవారు. ఒక్క టీచరమ్మ మాత్రం, పాతికేళ్ళు కూడా ఉండవు, అమ్మాయిని పక్కకి పిలిచి "ఒకసారి పరీక్ష చేయించండి మేడమ్" అని మెల్లగా చెప్పింది. 2022 ఎండాకాలం సెలవుల్లో బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థకి తీసుకెళ్ళాం. 1984లో పెట్టిన సంస్థ అది. పేరు మారినా మా తరం వాళ్ళకి ఎన్.ఐ.ఎం.హెచ్. అంటేనే తెలుస్తుంది.

నాగోల్‌లో మెట్రో ఎక్కితే పరేడ్ గ్రౌండ్ దాకా కూర్చుని వెళ్ళొచ్చు. దారి పొడుగునా మావాడు స్టేషన్ల పేర్లు గడగడా చెబుతున్నాడు. ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ. ఎదురు సీటులో కూర్చున్నావిడ "ఎంత చక్కగా చదువుతున్నాడో!" అని మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉంది. నిజం ఏమిటంటే వాడు ఒక్క బోర్డూ చదవలేదు. ఇదివరకు రెండుసార్లు ఎక్కినప్పుడు విన్న అనౌన్స్‌మెంటుని వరసగా గుర్తుపెట్టుకున్నాడు, అంతే. క్లాసులోనూ వాడు చేస్తున్నది అదే. పక్కవాడు చదివింది విని, అప్పజెప్పడం. ఈ పిల్లలు తమ ఇబ్బందిని ఎంత తెలివిగా దాచుకుంటారో ఆ రోజు నాకు అర్థమైంది.

పరీక్షలు ఒక్క రోజుతో తేలలేదు. తెలివితేటల పరీక్ష వేరు, చదవడం, రాయడం, లెక్కలు వేరు. చివరికి చేతికొచ్చిన కాగితంలో తెలివితేటలకి లోటు లేదనీ, చదవడం రాయడంలో మాత్రం "స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ" ఉందనీ ఉంది. అంటే డిస్లెక్సియా. 2007లో "తారే జమీన్ పర్" సినిమా చూసి మీరూ నేనూ కళ్ళు తుడుచుకున్నాం కదా, అదే. సినిమాలో పిల్లాడి కోసం ఏడవడం తేలికండీ. మనింటి పిల్లాడి పేరు పక్కన డిజేబిలిటీ అన్న మాట చూసేసరికి నాకు కాళ్ళలో సత్తువ పోయింది. ఈ ఇబ్బందిని 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చిందనీ, పరీక్షల్లో ఎక్కువ సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చనీ అక్కడివాళ్ళు వివరంగానే చెప్పారు. నా బుర్రకి ఒక్కటీ ఎక్కలేదు. నా బెంగల్లా ఒక్కటే, ఈ మాట మా వియ్యపురాలి చెవిన పడకూడదు.

తర్వాత వీసా హడావుడి. చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణాలు చేసి, వీసా వస్తే నూట ఎనిమిది చేస్తానని మొక్కుకున్నాను. అమెరికా కాన్సులేటు 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకి మారిపోయింది. నాగోల్ మెట్రో లైనుకి ఈ చివర మేము, ఆ చివర రాయదుర్గం, అక్కణ్ణించి క్యాబు. అమ్మాయి లోపలికి వెళ్తే నేను బయట నిలబడి దేవుణ్ణి కోరింది వీసా ఒక్కటే కాదు, పిల్లాడి ఫైలు సంగతి ఎవరూ అడగకూడదని కూడా. ఎవరూ అడగలేదు. మావాళ్ళు వెళ్ళింది హెచ్-4 వీసా మీద, అంటే ఉద్యోగి భార్యాపిల్లలకిచ్చేది. దానికి మామూలుగా వైద్యపరీక్షే ఉండదు, స్కూలు కాగితాలతో పనేముంటుంది? ఆ సంగతి తెలిస్తే నా భయం సగం తగ్గేది. అయితే అన్ని దేశాల పద్ధతీ ఇలాగే ఉండదు. ఆస్ట్రేలియా లాంటి చోట స్థిరపడే వీసాకి ఆరోగ్య పరీక్షలుంటాయి, ఖర్చుల లెక్కలూ చూస్తారు. అలాంటప్పుడు నాలాగా సొంత తెలివి వాడకుండా తెలిసిన లాయరుని అడగడం మంచిది. దాచిన మాట తర్వాత బయటపడితే అసలుకే మోసం.

వాళ్ళుండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. ఆగస్టులో స్కూలు తెరిచారు. చేర్చుకునేటప్పుడు టీకాల కాగితంతోపాటు ఇంకో ఫారం నింపమన్నారట. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. అమ్మాయి తెలుగని రాసింది. రాయాల్సిందీ అదే. వెంటనే వాడికి ఇంగ్లీషు పరీక్ష పెట్టి, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల జాబితాలో వేశారు. టీచర్లు చాలా మంచివాళ్ళు. మావాడు చదవలేకపోతే "ఇండియా నుంచి ఇప్పుడే కదా వచ్చాడు, మెల్లగా వస్తుంది" అనేవారు. సెప్టెంబరులో అదే మాట, దీపావళికి అదే మాట, క్రిస్మస్ సెలవులకీ అదే మాట.

ఇక్కడ "శ్రద్ధ లేదు" అన్నారు, అక్కడ "ఇంగ్లీషు రాదు" అన్నారు. వాడి అసలు ఇబ్బంది ఈ రెండు మాటల వెనకాలా హాయిగా దాక్కుంది. దాక్కోవడానికి చోటు చూపించింది నేను.

జనవరిలో ఒక రాత్రి అమ్మాయి ఫోను. మనకి పదకొండు దాటింది, వాళ్ళకి మధ్యాహ్నం. "అమ్మా, వీడు పొద్దున్న బస్సు టైముకి కడుపునొప్పి అంటున్నాడు. శనాదివారాలు నొప్పి లేదు. నిన్న లంచ్ డబ్బా వెనక్కి తెచ్చాడు. ఎందుకు తినలేదురా అంటే, నాకు చదువు రాదు కదా అమ్మా, మళ్ళీ ఇండియా పంపించేస్తారా అని అడిగాడు" అని ఏడ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లవారుజామున స్టూలు వేసుకుని బీరువా పైనున్న ఫైలు దించాను. దుమ్ము దులుపుతుంటే మావారు చూసి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే పెద్ద దెబ్బ.

దారి చూపించింది అక్కడ గుడిలో పరిచయమైన ఒక ఖమ్మం అమ్మాయి. ఆవిడ పెద్దకొడుకుదీ ఇదే కథట. ఆవిడ చెప్పిన సంగతులు అమ్మాయి ద్వారా వినీ, తర్వాత నేనూ తెలుసుకునీ మీకు చెబుతున్నాను.

అమెరికాలో 1975లోనే ఒక చట్టం వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఐడియా. వైకల్యమున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ ప్రభుత్వ స్కూలు ఉచితంగా, వాళ్ళకి తగిన చదువు చెప్పి తీరాలి. మీది ఏ వీసా అన్న ప్రశ్న ఇందులో లేదు. వలసదారు పిల్లల్ని కాగితాల మిషమీద బడికి రావద్దనకూడదని 1982లో వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అదీ టెక్సాస్ కేసులోనే. పిల్లాడికి ఇబ్బంది ఉందని అనుమానమొస్తే పరీక్ష చేయమని తల్లిదండ్రులు అడగొచ్చు. పైసా ఖర్చుండదు. అదే బయట చేయించుకుంటే వేల డాలర్లు.

అయితే అడగడంలో ఒక కిటుకుంది. మా అమ్మాయి నవంబరులోనే టీచరుతో నోటిమాటగా అంది. "చూద్దాం" అన్నారు, అక్కడితో సరి. ఉత్తరం రాస్తే లెక్క వేరు. టెక్సాస్‌లో రాతపూర్వకంగా అడిగితే 15 బడి దినాల్లోపు స్కూలు ఔనో కాదో రాతలోనే చెప్పాలి. ఔనంటే తల్లిదండ్రుల సంతకం తీసుకుని, ఆ రోజు నుంచి 45 బడి దినాల్లో పరీక్షలు పూర్తి చేయాలి. మిగతా రాష్ట్రాల్లో గడువులు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. ఉత్తరం మీద తేదీ వేసి, ఒక నకలు దగ్గర పెట్టుకోవడం మరిచిపోకూడదు. చీటీపాట రసీదుల్ని ఎంత పదిలంగా దాస్తామో అంత పదిలంగా అన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే చదువు వెనకబడటానికి అసలు కారణమైతే, ఆ పిల్లాడికి వైకల్యమని ముద్ర వేయకూడదని అదే చట్టం చెబుతుంది. మంచి నిబంధనే. లేకపోతే కొత్తగా వచ్చిన మన పిల్లలందరికీ ఆ ముద్ర పడేది. కానీ మావాడి లాంటి వాళ్ళ విషయంలో టీచర్లు ఆగి ఆగి చూడటానికీ అదే కారణం. ఆ ఇబ్బంది ఇంగ్లీషుది కాదని వాళ్ళకి ఎలా తెలియాలి? అందుకే ఖమ్మం అమ్మాయి మావాళ్ళని మొదట అడిగిన ప్రశ్న: "పిల్లాడి తెలుగు నోటుబుక్కులు ఉన్నాయా అక్కా?"

అప్పుడు చూడాలి మా ఇంట్లో హడావుడి. మావారు బాల్కనీలో వెలుతురు చూసి పేజీలు పట్టుకుంటే నేను ఫోన్లో ఫోటోలు తీశాను. పద్నాలుగు పేజీలు. తప్పు మాటల కింద గీతలు గీసి, పక్కన అసలు మాట రాసి, ఈ అక్షరం మింగేశాడు, ఇక్కడ ప బదులు వ రాశాడు అని వివరం అమ్మాయి ఇంగ్లీషులో రాసుకుంది. ఇవి కాక, వాడు ఆరో ఏట రామాయణం చెబుతుండగా మావారు తీసిన వీడియో ఒకటి. మాటల్లో ఎక్కడా తడబాటు లేని పిల్లాడు అదే భాషని కాగితం మీద ఎందుకు పెట్టలేకపోతున్నాడు? ఈ ప్రశ్నకి "ఇంగ్లీషు రాదు" అన్నది జవాబు కాదు కదా! ఫైల్లోని రిపోర్టు ఇంగ్లీషులోనే ఉంది కనుక అదీ పంపాం. మన దేశపు రిపోర్టుని వాళ్ళు యథాతథంగా ఒప్పుకోరు, తమ పరీక్ష తాము చేసుకుంటారు. కానీ చూస్తారు, లెక్కలోకి తీసుకుంటారు. ఆ ఫైలు వాడి పెట్టెలో ఉండుంటే ఆగస్టులోనే చూసేవారు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఉత్తరం ఇచ్చారు. మే నెలలో మీటింగు. వాళ్ళకి పొద్దున్న తొమ్మిది, మనకి సాయంత్రం ఏడున్నర. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి ఫోను పక్కనే కూర్చున్నాను. బల్ల చుట్టూ టీచర్లు, పరీక్ష చేసినావిడ, స్కూలు అధికారి, వీళ్ళిద్దరూ. తల్లీతండ్రీ కూడా ఆ కమిటీలో సభ్యులేనట! మన దగ్గర ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చునే అలవాటు కదా, అమ్మాయికి ముందు నోరు పెగల్లేదట. ఇంగ్లీషు రాని తల్లులకి దుబాసీని ఏర్పాటు చేయాల్సింది స్కూలే. రాసిన ప్రణాళిక నచ్చకపోతే ఒప్పుకోకుండా, మళ్ళీ కూర్చుందామని అనొచ్చు. ఆ ప్రణాళికనే ఐఈపీ అంటారు. ఏడాదికి ఒకసారైనా తిరగేసి చూడాలి.

మావాడికి డిస్లెక్సియా ఉందని తేల్చి, రోజూ నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరం అక్షరం, శబ్దం శబ్దం విడదీసి నేర్పే క్లాసు వేశారు. సైన్సు, సోషల్ పాఠాలు చెవితో వినే ఏర్పాటు. పరీక్షల్లో ఎక్కువ సమయం. గట్టిగా చదవమని క్లాసులో వాణ్ణి ఉన్నట్టుండి లేపకూడదని కూడా రాశారు. ఈ చివరిది మా అమ్మాయి అడిగి రాయించింది. కడుపునొప్పి తగ్గింది ఏ మందుతోనో కాదు, ఆ ఒక్క వాక్యంతో.

అలాగని అమెరికా స్వర్గమేమీ కాదు. నూటికి ఎనిమిదిన్నర మంది పిల్లలకి మించి ఈ ప్రత్యేక సాయం అందకుండా టెక్సాస్ రాష్ట్రం ఏళ్ళ తరబడి ఒక లెక్క పెట్టుకుని నడిపింది. హ్యూస్టన్ క్రానికల్ పత్రిక 2016లో ఆ గుట్టు రట్టు చేసింది. మర్నాటేడు ఆ పరిమితిని రద్దు చేశారు. 2018లో కేంద్ర విద్యాశాఖ కూడా అది చట్ట విరుద్ధమని తేల్చింది. ఎక్కడైనా అడగందే అమ్మయినా పెట్టదు అన్నట్టే ఉంది వ్యవహారం. ఇంగ్లండులో అయితే ప్రతి మామూలు ప్రభుత్వ స్కూల్లోనూ ఇలాంటి పిల్లల సంగతి చూడటానికి సెన్కో అని ఒక టీచరు ఉండాలి, చేర్చిన మొదటి వారంలోనే ఆవిణ్ణి కలవడం మంచిది. గల్ఫ్ వెళ్ళేవాళ్ళు మాత్రం ముందే జాగ్రత్త పడాలి. మన పిల్లలు చదివేవి అక్కడ ఎక్కువగా ప్రైవేటు స్కూళ్ళు. ఫీజు కట్టేముందే ఏం సాయం చేస్తారు, దానికి వేరే డబ్బు అడుగుతారా అని రాతలో తెలుసుకోవాలి.

అసలు సంగతి వియ్యపురాలిది. దాస్తే ఎన్నాళ్ళు దాగుతుంది? మీటింగు అయ్యాక అల్లుడే చెప్పేశాడు. మర్నాడు ఆవిడ వనస్థలిపురం నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. నేను కాఫీ కలుపుతూ వంటింట్లోనే తాత్సారం చేస్తున్నాను, ఏమంటుందోనని. ఆవిడ వంటింట్లోకే వచ్చి, గట్టు పక్కన నిలబడి "వదినగారూ, మా పెద్దాడూ ఇంతేనండీ" అంది. పదో తరగతి మూడుసార్లు తప్పాడట. "కొట్టి కొట్టి నా చేతులు నొప్పెట్టేవి. వాళ్ళ నాన్న అయితే బెల్టు తీసేవారు. వాడు ఏడుస్తూ, అక్షరాలు కదులుతున్నాయి అమ్మా అనేవాడు. దొంగమాటలనుకున్నాను" అంది. ఆ పెద్దబ్బాయి ఇప్పుడు ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాడు, ఎంత పెద్ద బిల్డింగుకైనా వైరింగు కళ్ళు మూసుకుని చేయిస్తాడు. ఇంటికొచ్చిన కాగితం మాత్రం ఈనాటికీ భార్య చేత చదివించుకుంటాడట. ఈ ఇబ్బంది కుటుంబాల్లో రావడం మామూలేనని రిపోర్టు ఇచ్చినరోజే చెప్పారు. మేమిద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే మాట దాచుకున్నాం. కాఫీ చల్లారిపోయింది.

మావాడు ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాడు. తోటివాళ్ళు పది పేజీలు చదివేలోగా వీడు నాలుగు. స్పెల్లింగుల మాట అడగొద్దు. కానీ వినే పుస్తకాలు మాత్రం వారానికొకటి పూర్తి చేస్తాడు, ఆ కథలన్నీ ఆదివారం ఫోన్లో నాకు చెబుతాడు.

మొన్నొక ఆదివారం కథ మధ్యలో ఆగి అడిగాడు. "అమ్మమ్మా, నా తెలుగు బుక్కుల్లో తప్పులన్నీ అందరికీ చూపించారట కదా?"

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఇన్ని నెలల్లో వాణ్ణి ఒక్కమాట అడగాలని మా ఎవరికీ తోచలేదు. "చూపించాం నాన్నా. నీకు సాయం చేయాలంటే అవి చూడాలన్నారు. నిన్ను అడగకుండా పంపించాను, తప్పే" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మూడో బుక్కు చివర నేను హనుమంతుడి బొమ్మ వేశాను. అది పంపించావా?" అన్నాడు.

పంపలేదు. అందులో తప్పులేమీ లేవు కదా. ఫోను పెట్టేశాక బాల్కనీలో వెలుతురు చూసుకుని దానికీ ఒక ఫోటో తీశాను.